పన్నెండు పాత డబ్బాలు, ఒక పెద్ద యంత్రం

జనగామ రైల్వేస్టేషన్ నుంచి నడిచిపోయేంత దూరంలో మేడ మీద ఒక గది. మెట్ల దగ్గరే చెప్పులు గుట్టగా పడి ఉన్నాయి. లోపల పన్నెండు పాత సీపీయూలు. సికింద్రాబాద్‌లో అందరూ సీటీసీ అని పిలిచే చెనాయ్ ట్రేడ్ సెంటర్ నుంచి సెకండ్‌హ్యాండ్‌లో ఏరి తెచ్చానని గది నడిపే కుర్రాడు చెప్పాడు. ఒక్కోదాంట్లో రెండు జీబీల ర్యామ్. వాటి ముందు కూర్చుని డిప్లొమా సివిల్ పిల్లలు క్యూజీఐఎస్ అనే పటాల సాఫ్ట్‌వేర్‌లో చెరువు గట్లు గీస్తున్నారు.

నాకు నమ్మబుద్ధి కాలేదు. ఒకదాని మూత తీయమన్నాను. హార్డ్ డిస్కు ఉండాల్సిన చోటు ఖాళీగా ఉంది.

"పని ఈడ జరగదు సార్, ఆడ జరుగుతది" అని మూలనున్న బల్ల కిందికి చూపించాడు. అక్కడ 64 జీబీల ర్యామ్‌తో, మంచి గ్రాఫిక్స్ కార్డుతో ఒకే ఒక్క పెద్ద యంత్రం. పాత డబ్బా ఆన్ చేయగానే తన నెట్‌వర్క్ కార్డుతో దాన్ని అడిగి, కేబుల్ మీదుగానే చిన్న లినక్స్ తెచ్చుకుంటుంది. ఇదంతా ఎల్‌టీఎస్‌పీ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ చలవ. తర్వాత ఎక్స్‌టూగో ద్వారా పెద్ద యంత్రంలోకి లాగిన్. పిల్ల మౌస్ కదిపితే ఆ కదలిక అక్కడికి పోతుంది, గీత అక్కడ పడుతుంది, దాని బొమ్మ మాత్రం ఇక్కడికి వస్తుంది. గది లోపలి కేబుల్ మీద ఈ రాకపోకలు కంటికి ఆనవు.

ఈ ఆలోచన కొత్తదేం కాదు. అమెరికాలోని ఎంఐటీలో 1984లో బాబ్ షైఫ్లర్, జిమ్ గెటిస్ ఎక్స్ విండో సిస్టమ్ మొదలుపెట్టింది ఒక యంత్రంలో నడిచే ప్రోగ్రామును మరో యంత్రం తెర మీద చూడటానికి వీలుగానే. 1987లో వచ్చిన పదకొండో వెర్షన్ ఇవాళ్టికీ వాడుకలో ఉంది. మన దగ్గరా 2008లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 5,000 ఉన్నత పాఠశాలల్లో ఎన్‌కంప్యూటింగ్ ల్యాబులు పెట్టినప్పుడు సూత్రం దీనికి దగ్గరిదే: ఒక సీపీయూను చాలామంది పంచుకోవడం.

నేనక్కడ ఉండగానే కరెంటు పోయింది. పన్నెండు తెరలూ నల్లబడ్డాయి. అయినా ఎవరూ 'అయ్యో' అనలేదు! యూపీఎస్ మీద ఉన్నవి పెద్ద యంత్రమూ నెట్‌వర్క్ స్విచ్చూ మాత్రమే. పది నిమిషాలకు కరెంటు వచ్చింది. నా పక్కనున్న అమ్మాయి మళ్లీ లాగిన్ అయింది. సగం గీసిన గట్టు వదిలిన చోటే ఉంది, ఒక్క గీత కూడా పోలేదు. ఎండాకాలం మన ఊళ్లలో కంప్యూటర్ నేర్చుకున్నవాళ్లకు ఇదెంత పెద్ద మాటో తెలుసు. ఆ సాయంత్రం నేను చూసినవాటిలో అన్నిటికన్నా విలువైనది నాకు ఇదే.

చిక్కులూ ఉన్నాయి. కరెంటు వచ్చాక రెండు డబ్బాలు మాత్రం తిరిగి లేవలేదు, 'ఎఫ్1 నొక్కు' అంటూ ఆగిపోయాయి. మదర్‌బోర్డు మీది బిళ్ల బ్యాటరీ చచ్చిపోతే, నెట్‌వర్క్ నుంచి లేవాలన్న సంగతే యంత్రం మరిచిపోతుంది. "అన్నా, బిళ్ల అయిపోయింది" అని ఒక పిల్లాడు అరిచాడు. కుర్రాడు సొరుగులోంచి కొత్తది తీసి, పాతదాన్ని గోటితో పైకి లేపి మార్చేశాడు. ఫ్రీక్యాడ్‌లో త్రీడీ బొమ్మను తిప్పితే మొదట్లో తెర తడబడేదట. వర్చువల్ జీఎల్ పెట్టి, త్రీడీ బొమ్మ పూర్తిగా పెద్ద యంత్రం గ్రాఫిక్స్ కార్డులోనే తయారయ్యేలా చేశాక కుదుటపడింది. కొన్ని డబ్బాల్లో ఇప్పటికీ 100 మెగాబిట్ల కార్డులే కాబట్టి, వాటిలో విండో చిన్నగా పెట్టుకోవాలి. వీడియోల జోలికి పోకూడదు. పెద్ద యంత్రం ఆగితే పన్నెండుమందీ ఆగినట్టే, అందుకే రోజూ రాత్రి పిల్లల ఫైళ్లన్నీ వేరే డిస్కులోకి కాపీ చేస్తాడు.

మర్నాడు భూపాలపల్లి వెళ్లి, ఒక స్నేహితుడి ఇంట్లో ఫోన్ హాట్‌స్పాట్ మీద జనగామ యంత్రాన్ని తెరిచి చూశాను. ఉత్త ఎస్ఎస్‌హెచ్ మీద ఎక్స్ నడిపితే ఒక్క మెనూ తెరుచుకోవడానికే ఓపిక నశించింది. ప్రతి చిన్న పనికీ అటూ ఇటూ కబురు పోవాలి కదా. బొమ్మను కుదించి పంపే ఎక్స్‌టూగోలో మాత్రం పటం చూడగలిగాను, గీయడం కష్టమే. ఈ పద్ధతికి ఒకే గది, ఒకే భవనం సరైన చోటు. దూరం నుంచి పని చేయిస్తామని ఎవరైనా పిల్లలకు ఆశ పెడితే నేను ఒప్పుకోను.

ఆ తర్వాత మహబూబాబాద్‌లో ఒక బడి స్టోర్‌రూం చూపించారు. మానిటర్లూ సీపీయూలూ దుమ్ములో నిలువెత్తున పేర్చి ఉన్నాయి. 2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి సాధారణ మద్దతు ఆగిపోయింది. విండోస్ 11ని మోయలేని యంత్రాలు ఇంకెన్ని ఇలాంటి గదులకు చేరతాయో!

ప్రధానోపాధ్యాయులకు, కాలేజీ ల్యాబ్ బాధ్యులకు ఒక విన్నపం. పాత కంప్యూటర్లను తూకానికి అమ్మేముందు ఒక్కొక్కటిగా కరెంటు ఇచ్చి చూడండి. తెర వెలిగి, బూట్ మెనూలో నెట్‌వర్క్ అనే వరుస కనిపిస్తే ఆ డబ్బాను పక్కన పెట్టండి. అలాంటివి పది దొరికితే, కొనాల్సిన పెద్ద యంత్రం ఒక్కటే.