పెరట్లో గునుగు

గులాబీల పక్కన గునుగు వేసినందుకు మా వాడకట్టంతా నవ్వింది. నవ్వరూ మరి! కూలిచ్చి పీకించే కలుపుకు నీళ్లు పోసేవాణ్ణి చూస్తే ఎవరికైనా నవ్వే వస్తుంది. "గునుగును ఎవలన్న నాటుతరా బిడ్డా? దానంతటదే మొలుస్తది" అంది అమ్మమ్మ. నిజమే, కాని మొలవడానికి చేను ఉండాలి కదా! మా ఊరి చెల్కలు కొన్ని ప్లాట్లయ్యాయి. మిగిలినవాటిలో గడ్డిమందు కొడుతున్నారు. 2014లో తెలంగాణ వచ్చాక బతుకమ్మ రాష్ట్ర పండుగైంది. అందులో పేర్చే గునుగును మాత్రం కట్టకింతని బజార్లో కొంటున్నాం.

పెంపకంలో పెద్ద విద్యేమీ లేదు. గింజలు ఆవాలకన్నా చిన్నవి, నల్లగా నిగనిగలాడుతుంటాయి. తొలకరికి చల్లి, పైన పలచగా మన్ను జల్లితే చాలు. లేతాకు కూరకొస్తుంది. మొదట్లో చూడ్డానికి ఉత్త పిచ్చిమొక్కే, ఒప్పుకుంటాను. భాద్రపదం వచ్చేసరికి, కొసన గులాబిరంగు అద్దినట్టున్న తెల్లని కంకులు తీస్తుంది. కోశాక ఎండినా వాడినట్టు కనిపించవు. అందుకే వాటిని రంగుల్లో ముంచి బతుకమ్మలో వరుసలు పేరుస్తారు.

కొన్ని కంకులు కోయకుండా విత్తనానికి వదిలాను. నవ్వినవాళ్లలో ఇద్దరు పండక్కి పూలు అడిగితే, తర్వాత గింజలూ పొట్లం కట్టి ఇచ్చాను. మిత్రులెవరికైనా కావాలంటే చెప్పండి, ఇంకో పొట్లం ఉంది.