ఋతువునకొక కోక

మా యింటి వసారాగోడకు ప్రపంచపటమొకటి వ్రేలాడుచున్నది. వేసవి మధ్యాహ్నములందు నేనును పిల్లలును దానిమీదనే దేశాటనము సల్పుచుందుము. మొన్న మేము పోయినది నార్వేవారి స్వాల్బార్డు ద్వీపములకు. అచ్చటి న్యూ-ఓలెసున్ అను చిన్న గ్రామమున 2008లో మన దేశము "హిమాద్రి" యను పరిశోధనకేంద్రమును నెలకొల్పినది. అది ఉత్తరధ్రువమునకు సుమారు 1,200 కిలోమీటర్ల దూరమున నున్నది.

మన ప్రబంధకవులు వర్ణించిన ఆరు ఋతువులు అచ్చట లేవు. శీతకాలమున నాలుగు నెలలకు దగ్గరగా సూర్యుడుదయింపడు. వేసవిలో రమారమి అన్నే నెలలు అస్తమింపడు. కౌజుపిట్టకు చుట్టమైన టార్మిగను పక్షియు, ధ్రువపు నక్కయు ఏడాదిపొడుగున అచ్చటనే యుండును. వేసవిలో రాళ్లతో కలిసిపోవు గోధుమవన్నెతో నుండి, చలికాలమునకు సాధారణముగ రెండును తెల్లనివగును. వేటాడునదియు, వేటకు చిక్కునదియు ఒకే వన్నె కోక కట్టుట చూచితిరా!

దీనిని పిల్లలకు బోధించుటకై తెల్లపంచెమీద పత్తిపింజలను, చింతగింజలను చల్లి, "పది లెక్కించునంతలో ఏరుడు" అంటిని. గింజలన్నియు దొరకినవి, పింజలు సగము మిగిలినవి. "మంచును చూచి ఆ ప్రాణులు తెల్లబడును" అని పాఠము ముగించితిని. అంతట మా రెండవపిల్ల పింజలను ఎర్రమట్టి అరుగుమీద చల్లినది. దాని తమ్ముడు ఒక్కటియు విడువక ఏరినాడు. "మంచు కురియకున్న వీని గతి యేమమ్మా?" అని పిల్ల యడిగినది.

నాకు జవాబు తోచలేదు. రాత్రి మావారి పుస్తకములు తిరుగవేయగా నా మాటయే తప్పని తేలినది. అవి మంచును చూచి మారవు; పగటి నిడివిని బట్టి మారును. పగళ్లు కురుచయగుకొలది దేహములోని రసములు మారి, పాతబొచ్చు, పాత యీకలు రాలి, రంగులేని క్రొత్తవి మొలచును. మంచు ఆలస్యమైనను సూర్యుడు ఆలస్యము చేయడు గదా! ఆ ద్వీపములో, లోకమంతటికన్న మిక్కిలి వేగముగ వేడెక్కుచున్నవి. మంచు వెనుకబడిన యేట తెల్లపక్షి అరుగుమీది పింజవలె పగవాని కంటబడును. వసంతమున మంచు కరగినపిదప మగ టార్మిగనులు బురదలో పొరలి తెల్లని యీకలను మాపుకొనునట. వానికి తెలిసిన ఉపాయమది.

మరునాడు పిల్లలను కూర్చుండబెట్టి, "నిన్న నేను చెప్పినది తప్పు" అని, అసలు సంగతి చెప్పితిని. అమ్మయు తప్పునా యని వారు వింతపడిరి గాని, పాఠము మరువలేదు. మీరును ఈ యాట ఆడించునపుడు పంచెతో సరిపుచ్చక, పింజలను అరుగుమీద కూడ చల్లి చూపుడు.