బోనాల నాటి లొట్టి, కంపౌండు సీసా

హఫీజ్‌పేట రైలుస్టేషనులో దిగి చుట్టూ చూస్తే ఆకాశాన్నంటే మేడలే కనిపిస్తాయి. వాటి మధ్య పాత ఊరు ఇంకా ఉన్నదని తెలియాలంటే ఆషాఢంలో బోనాల ఆదివారం నాడు వెళ్ళాలి. మా ఆస్పత్రిలో పనిచేసి రిటైరయిన నర్సమ్మ పిలిస్తే నేనూ వెళ్ళాను.

కొత్తకుండలో అన్నం పెట్టి, వేపమండలు కట్టి, పైన దీపం వెలిగించి స్త్రీలు తలకెత్తుకున్నారు. అమ్మవారికి సాక పోశారు. ఇక ఇంటికొచ్చాక భోజనం! తలకాయ కూర, బోటి, గారెలు, తాలింపు వేసిన శనగ గుడాలు. పక్కన లొట్టిలో ఈతకల్లు. నర్సమ్మగారి అన్న ఒకప్పుడు చెట్లెక్కిన మనిషి. “పొద్దుగాల దించింది సారూ, పగటాల్లకే తాగాలె. పొద్దుగూకినంక పులుసైతది” అన్నాడు.

మా వైద్య గ్రంథాలు చెప్పేదీ అదే. చెట్టు నుంచి కారినప్పుడు అది తియ్యటి నీరా. గాలిలోనూ కుండలోనూ ఉండే ఈస్టు గంటల్లోనే చక్కెరను ఆల్కహాలుగా మారుస్తుంది. ఇంకా ఉంచితే పులిసి వెనిగరవుతుంది. పులియకుండా ఉండాలని నీరాకుండలో సున్నం పూస్తారు. నీరా రుచి చూడాలనుకునే వారికోసం 2023లో నెక్లెస్ రోడ్డులో నీరా కేఫ్ తెరిచారు. చక్కెర జబ్బువారు మాత్రం దాన్ని పానకంతో సమానంగా లెక్కపెట్టుకోవాలి.

మరి డాక్టరుగారు పుచ్చుకున్నారా అంటారేమో. అర గ్లాసు. ఈ పేజీ మా ఆవిడ కూడా చదువుతుంది కనుక అబద్ధం చెప్పను. ఆల్కహాలు ఎంత తక్కువైనా బొత్తిగా ప్రమాదం లేదనలేమని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లోనే చెప్పింది. గర్భిణులకు, కాలేయం చెడినవారికి, నిద్రమాత్రలు వాడేవారికి ఆ అర గ్లాసూ వద్దు.

తింటుండగా పక్కింటి ఇల్లాలు వచ్చింది. భర్త ఏళ్ళ తరబడి రోజూ కంపౌండులో సీసా కల్లు తాగుతున్నాడట. “అమ్మవారికి మొక్కుకున్న సారూ. రేపటి సంది చుక్క ముట్టనియ్య. అర్రల పెట్టి తలుపేస్త” అంది.

నా చేతిలో ముద్ద ఆగిపోయింది. ఈతచెట్ల చోట మేడలు లేచాక ఇంతమందికి కల్లెక్కడిది? కొన్నిచోట్ల నీళ్ళలో శాకరిన్, మత్తుకు డైజిపామ్, అల్ప్రాజోలామ్, క్లోరల్ హైడ్రేటు కలుపుతారు. 2025 జులైలో ఇక్కడికి దగ్గరలోని కూకట్‌పల్లి ప్రాంతంలో కల్తీకల్లు తాగి కొందరు చనిపోయారు, ఎంతోమంది ఆస్పత్రుల పాలయ్యారు. తాగితే అదొక ప్రమాదం. అలవాటుపడ్డ మనిషి ఉన్నపళంగా మానేస్తే మరొకటి. ఒకటి రెండు రోజుల్లో చేతులు వణుకుతాయి, నిద్ర పట్టదు, ఎవరో పిలుస్తున్నట్టు వినిపిస్తుంది, సంధి ప్రేలాపన, ఫిట్సు వస్తాయి. ప్రాణం పోవచ్చు కూడా. 2020 లాక్‌డౌనులో కల్లు దొరక్క ఇలాంటి వాళ్ళు ఎర్రగడ్డ మానసిక చికిత్సాలయానికి బారులు తీరారు. ఇళ్ళలో దీన్ని గాలి సోకిందంటారు, తాయెత్తు కడతారు. ఈలోగా విలువైన గంటలు గడిచిపోతాయి.

“మొక్కు మంచిదేనమ్మా, తలుపు మాత్రం వెయ్యకు. రేపు పొద్దున్నే ఆస్పత్రికి తీసుకురా” అన్నాను. రాత్రి ఫిట్సు వస్తే పక్కకు తిప్పి పడుకోబెట్టాలనీ, నోట్లో మజ్జిగ గానీ నిమ్మరసం గానీ పొయ్యకుండా, తాళాలు చేతిలో పెట్టి కాలయాపన చెయ్యకుండా వెంటనే 108కి ఫోను చెయ్యాలనీ చెప్పాను.

సోమవారం వచ్చారు. మత్తు మందుకు బదులు కొలత ప్రకారం మాత్రలిచ్చి రోజురోజుకూ తగ్గించాం, బి విటమిను ఇంజెక్షన్లు ఇచ్చాం. రెండో రాత్రి గోడమీద చీమలున్నాయని కేకలు వేశాడు. నాలుగో రోజుకు చేతుల వణుకు తగ్గి, గ్లాసు తనే పట్టుకుని తాగాడు. మాత్రలు ఇంకా కొన్ని వారాలు తగ్గిస్తూ వాడాలి. మళ్ళీ బోనాలకు సాక ఎట్లా అని ఆమె అడిగింది. బెల్లం నీళ్ళతో పోసే ఇళ్ళు ఆ వీధిలోనే ఉన్నాయని నర్సమ్మగారు చెప్పింది.