గెలుపు ఉంది, దారి దొరకదు

ఆదోని మార్కెట్ యార్డులో పత్తి లాట్ల మధ్య తిరిగే వ్యాపారుల్ని చూస్తూ పెరిగినవాణ్ణి. పిడికెడు దూది తీసి, పింజ లాగి, తేమ అంచనా కట్టి, ఎవరికి వాళ్లు గుట్టుగా టెండరు వేస్తారు. ఎక్కువ రాసినవాడిదే లాటు. ఎమ్మిగనూరు వైపు నుంచి వచ్చిన రైతుకు ఆ ఒక్క అంకెలోనే ఏడాది కష్టం ఉంటుంది.

టెండరూ ఒక ఆటేనని గేమ్ థియరీ చెప్పింది. ఆటగాళ్లూ ఎత్తులూ పరిమితంగా ఉన్న ప్రతి ఆటకూ, ఎత్తుల్ని పాళ్లతో కలుపుకోనిస్తే, ఒక సమతాస్థితి ఉంటుందని 1950లో జాన్ నాష్ నిరూపించాడు. అక్కడ ఒంటరిగా ఎత్తు మార్చుకుని ఎవరూ బాగుపడరు. ఉంది, సరే. కనుక్కోవడం ఎలా?

ఈ ప్రశ్న బరువు నాకు తెలిసింది 1957లో మైకేల్ రాబిన్ కట్టిన ఆట దగ్గర. మొదటివాడు ఒక సంఖ్య చెబుతాడు, రెండోవాడు ఇంకొకటి. ఆ రెంటి మొత్తం ఒక జాబితాలో ఎన్నోదో చూపగలిగితే మొదటివాడిది గెలుపు. జాబితాను యంత్రం వరసగా రాసుకుంటూ పోగలదు. దాని బయట కూడా అనంతంగా సంఖ్యలున్నాయి కనుక, మొత్తం బయట పడేలా ఎంచుకుంటే రెండోవాడు ఎప్పుడూ గెలుస్తాడు. అయితే ఆ బయటి సంఖ్యల్ని ఎడతెగకుండా ఏరిపెట్టే ప్రోగ్రామేదీ ఉండని జాబితాను రాబిన్ ఎంచుకున్నాడు. గెలుపు ఖాయమే, గెలిపించే ప్రోగ్రాము మాత్రం అసాధ్యం. ఇంత చిన్న ఆటలో ఇంత లోతా అని ఇప్పటికీ ఆశ్చర్యపోతాను.

నాష్ సమతాస్థితి అంత మొండిది కాదు, ఓపికపడితే తేలుతుంది. కానీ వేగంగా కనుక్కునే పద్ధతి దొరుకుతుందన్న ఆశ చాలా తక్కువని 2006లో దస్కలాకిస్, గోల్డ్‌బర్గ్, పాపాదిమిత్రియు చూపారు. ఇద్దరే ఆడే ఆటలకూ అంతేనని చెన్, డెంగ్ చూపారు. కంప్యూటరు వేగంగా తేల్చలేని లెక్క యార్డులో ఒక్క పూటలో తేలిపోతుందని నేను నమ్మను.

అందుకే విలియం విక్రీ అంటే నాకు గౌరవం. 1961లో ఆయన బరువంతా నియమం మీద పెట్టాడు: సరుకు ఎక్కువ రాసినవాడికి, చెల్లించాల్సింది రెండో పెద్ద ధర. అప్పుడు పక్కవాడి మనసు చదవనక్కర్లేదు, తనకెంత విలువో అంతే రాయడం మేలు. రైతు చేతికి ఎక్కువ డబ్బు వస్తుందని చెప్పలేను. కొన్ని షరతుల్లో సగటు రాబడి, రాసిన ధరే చెల్లించే పద్ధతిలోనూ ఈ పద్ధతిలోనూ, ఒకటేనని విక్రీయే చూపాడు. కొనేవాళ్లు కూడబలుక్కుంటే రెండూ చెడతాయి, అందుకే అడుగున కనీస మద్దతు ధర తప్పదు. ఆ హద్దు పెట్టి, ఒక సీజనులో కొన్ని లాట్ల మీదైనా ఆదోనిలో ఈ నియమాన్ని పరీక్షించి చూడాలని నా కోరిక.