ఇంగ్లీషు పాఠానికి రుజువేది?

జాతకాలు నమ్మని వాళ్లం కూడా "గ్రామర్ బట్టీ కొడితే ఇంగ్లీషు వచ్చేస్తుంది" అంటే తలూపుతాం. రుజువేది?

మైకేల్ వెస్ట్ ఢాకాలో బెంగాలీ పిల్లలకు పరీక్షలు పెట్టి చూసి, ముందు చదవడం నేర్పాలన్నాడు. ఆ నివేదిక 1926లో కలకత్తాలో అచ్చయింది. ఆయన తేల్చింది మనకు నచ్చకపోయినా ఫర్వాలేదు, కొలిచి చూశాడు కదా!

తర్వాత 1980లలో కోల్‌కతాలోని రాష్ట్ర ప్రభుత్వం ప్రాథమిక బడుల నుంచి ఇంగ్లీషు తీసేసింది. 2004లో ఒకటో తరగతి నుంచి మళ్లీ పెట్టింది. సబ్జెక్టు ఒక్క ఉత్తర్వుతో పోతుంది, వస్తుంది. టీచరు అలా తయారవరు.

అందుకే ఇంగ్లీషు బోధనలో పీజీ డిప్లొమా చేస్తామనే కొత్త టీచర్లను నేను అడిగేది ఒకటే: "మీ పాఠం పనిచేయకపోతే మీకెలా తెలుస్తుంది?" అది నేర్పని కోర్సు ఇచ్చే సర్టిఫికెట్టూ తాయెత్తే.