కదలని మీట

దేవనహళ్ళి తెలుగువారికి ఇంట తెలుగు, అంగడిలో కన్నడము. గుమాస్తా ఉద్యోగము విరమించిన పిదప నాకు మూడవ భాషగా మోర్సు అలవడినది. వేకువనే, ఇల్లు నిద్రించుచుండగా, అమెచ్యూరు రేడియోపై దూరపు మిత్రులను పలుకరింతును.

పంపునపుడు రిసీవరు మూగపోవలెను. లేనిచో నా చుక్కలే నా చెవులు పగులగొట్టును. చుక్కకు చుక్కకు నడుమ మరల అవతలివారి పిలుపు వినబడవలెను. 2004 డిసెంబరు 26 సునామీనాడు భారతీ ప్రసాద్‌గారు పోర్టుబ్లెయిరు నుండి రేడియోలో వార్తలు చేరవేసిన సంగతి ఎరిగినవారికి, వినుట యెంతటి పనియో వేరుగా చెప్పనక్కరలేదు.

ఈ పనికి తొలుత రిలే పెట్టితిని. కీ నొక్కినప్పుడెల్ల టకటక! ఇంటివారి నిద్రకు భంగము. ఇప్పుడు 4066 అను చిప్పు ఆ పని చేయుచున్నది. 14 కాళ్ళు, లోపల 4 మీటలు. కంట్రోలు కాలికి ఓల్టేజి అందినచో సంకేతమునకు దారి యిచ్చును, తీసినచో అడ్డుకొనును. కదలు భాగమే లేదు గనుక చప్పుడును లేదు, అరుగుదలయు లేదు.

అయితే దీనికొక పట్టుదల కలదు: సంకేతము సప్లై హద్దులు దాటరాదు. శబ్ద సంకేతమో, సున్నకు పైకిని క్రిందికిని ఊగును. కాబట్టి 12 ఓల్టుల సప్లైని రెండు సమాన రెసిస్టర్లతో పంచి, 6 ఓల్టుల మట్టముపై, కెపాసిటరు ద్వారా దానిని నిలిపితిని. ఆంటెనా వద్ద మాత్రము ఈ చిప్పు పనికిరాదు. 50 ఓములపై 5 వాట్లన్నను శిఖరము 22 ఓల్టులు దాటును. అచ్చట డయోడుల కాపలాయే మేలు.

మిగిలిన మూడు మీటలలో ఒకటి ఫిల్టరు మార్చుటకు వినియోగపడినది. రెండు ఖాళీ, వాని కంట్రోలు కాళ్ళను గాలికి వదలక భూమికి కలిపితిని.