ఎనిమిది మూలల పిచ్చి

మార్చి 9, 2025, ఆదివారం, అబింగ్డన్

ఈ మధ్యాహ్నం పబ్బులో పంచాయితీ అంతా ఒక క్లిప్పు మీద. ఎనిమిది మూలల బిళ్ల ఉన్న 1948 నాటి ఎం.జి. టీసీ కారులో పెట్రోలు పైపును పట్టి ఉంచే క్లిప్పు ఫ్యాక్టరీలో పెట్టిందేనా, తర్వాతెవరో మార్చిందా? కారాయన సంచిలోంచి పుస్తకం తీశాడు. ఏ ఏడాది మోడల్‌కి ఏ సీటు తోలు, ఏ స్క్రూ అని రంగుల ఫొటోలతో చెప్పే రకం. పారాయణం చేసేవాళ్ల రామాయణంలా పుటల మధ్య చీటీలు. పోటీల్లో జడ్జీలు కూడా ఇలాంటివి చూసే మార్కులు వేస్తారట.

మూల బల్ల దగ్గర పెద్దాయన ఒకాయన ఉన్నాడు. కుర్రతనంలో ఇక్కడి ఎం.జి. ఫ్యాక్టరీలోనే ఎం.జి.బి. కార్లు బిగించినవాడు. "ఆ పూట స్టోర్‌లో ఏది ఉంటే అదే బిగించేవాళ్లం" అని తేల్చేశాడు.

నాకూ అదే సబబనిపించింది. అబింగ్డన్‌లో జరిగింది కూర్పే. టీసీ ఇంజన్ కోవెంట్రీ నుంచి వచ్చేది. తర్వాతి రోజుల్లో ఎం.జి.బి. బాడీ స్విండన్‌లో తయారయ్యేది. పైగా టీసీ మొదలైంది 1945లో, యుద్ధం అయీ అవగానే. ఉక్కు కోటాల కాలం. పది వేల కార్లకూ ఒకే రకం క్లిప్పు పెట్టారని ఎవరు ప్రమాణం చేయగలరు? అప్పట్లో కారును చూసి పుస్తకం రాశారు, ఇప్పుడు పుస్తకాన్ని చూసి కారును దిద్దుతున్నారు.

తాగింది ఓల్డ్ స్పెకల్డ్ హెన్. ఫ్యాక్టరీలో చిల్లర పనులకు తిప్పే ఒక డొక్కు కారు పెయింట్ షాపు బయట నిలబడి నిలబడి ఒళ్లంతా చుక్కలు పడిందట. బీరుకు ఆ కారు పేరే పెట్టారు. ఎం.జి. ఈ ఊరొచ్చి యాభై ఏళ్లయిందని 1979లో కాచారు. మరుసటి ఏడే ఫ్యాక్టరీ మూతపడింది.

మార్చి 15, శనివారం

థార్న్‌లీ 'మెయింటెయినింగ్ ది బ్రీడ్' రాత్రి బాగా పొద్దుపోయేదాకా వదల్లేదు. 1950 నాటి పుస్తకం. రాసింది బయటివాడు కాదు. 1930లో ఎం.జి. కార్ల యజమానుల క్లబ్బుకు కార్యదర్శిగా ఉండి, ఆనక కంపెనీలో చేరి, జనరల్ మేనేజర్ దాకా ఎదిగినవాడు. మామూలు మనిషి కొనుక్కునే కార్లను పెద్దగా పట్టించుకోడు. ఆయనకు రేసు కార్లే లోకం.

ఆ లోకంలో నాకు బాగా నచ్చేది గోల్డీ గార్డ్‌నర్ సంగతి. 1939లో జర్మనీలో డెసావ్ దగ్గర ఆటోబాన్ మీద, 1,100 సీసీ తరగతిలో, ఎం.జి. కారును గంటకు 200 మైళ్లు దాటించాడు. అంతటితో ఊరుకున్నారా! ఇంజన్‌ను కారులోంచి దించకుండానే సిలిండర్లు కాస్త బోరు కొట్టారు. దాంతో పై తరగతిలోకి వచ్చింది. రెండు రోజులకే ఆ రికార్డూ పట్టేశారు. అసలు భాగాలనే నియమం వాళ్లకు ఉంటే ఒక్క రికార్డూ దక్కేది కాదు.

ఈ కార్లకు పేరు తెచ్చిన సెసిల్ కింబర్‌ను కంపెనీ 1941లో సాగనంపింది. 1945 ఫిబ్రవరిలో లండన్ కింగ్స్ క్రాస్ దగ్గర రైలు ప్రమాదంలో పోయాడు. టీసీని చూడనే లేదు.

మార్చి 23, ఆదివారం

టీసీ ఆయన షెడ్డులో గడిపాను. డబ్బాలో మూడు రకాల క్లిప్పులున్నాయి. మూడూ అసలువేనని అమ్మినవాళ్లు చెప్పారట. జడ్జి ఏది అడిగితే అది పెడతాడట!

ఇంజన్ దగ్గర మాత్రం పుస్తకం లేకపోతే గతి లేదు. 1,250 సీసీ ఇంజన్, బోల్టు తలకేమో విట్‌వర్త్ స్పానర్ సరిపోతుంది, త్రెడ్ మాత్రం మెట్రిక్. కారణం పాతది. 1923లో ఎం.జి.కి మూలమైన మోరిస్ కంపెనీ కొన్న కోవెంట్రీ ఇంజన్ ఫ్యాక్టరీ ఫ్రాన్సుకు చెందిన హాచ్‌కిస్ వాళ్లది. అక్కడి యంత్రాలు కోసేవి మెట్రిక్ త్రెడ్లు. ఇంగ్లండు మెకానిక్కుల పెట్టెల్లో ఉన్నవి విట్‌వర్త్ స్పానర్లు. యంత్రాలు మార్చడం ఖర్చు కదా, బోల్టు తలలు మార్చి ఊరుకున్నారు. పాతికేళ్లయినా ఆ ఏర్పాటు పోలేదు. ఇది తెలియక తల చూసి దొరికిన బోల్టు బిగిస్తే త్రెడ్డు పోతుంది.

మాటల్లో ఎం.జి.ఏ. వచ్చింది. దాని మొదటి ఇంజన్ 1,489 సీసీ, మా నాన్న అంబాసిడర్‌లో ఉన్న బి-సిరీస్ బాపతే. చెబితే టీసీ ఆయన ఓ పట్టాన నమ్మలేదు. తెనాలిలో మా మెకానిక్ జన్మలో మాన్యువల్ తెరిచి ఎరగడు. పొడుగు స్క్రూడ్రైవర్ మొన ఇంజన్‌కు ఆనించి, పిడి చెవికి పెట్టుకొని, ఏ ట్యాపెట్ లూజో చెప్పేవాడు. ఈ షెడ్డుకు రావలసిన మనిషి.

మార్చి 30, ఆదివారం

పాత విడిభాగాల సంత. వాన, బురద. పుస్తకాల బల్ల మీద హేన్స్ మాన్యువళ్ల గుట్ట. వాటికీ అబింగ్డన్‌తో చుట్టరికం ఉంది. జాన్ హేన్స్ వైమానిక దళంలో ఏడెన్‌లో ఉండగా, స్నేహితుడి ఆస్టిన్-హీలీ స్ప్రైట్‌ను విప్పి, ఫొటోలు తీస్తూ మళ్లీ కూర్చాడు. 1966లో తెచ్చిన మొదటి మాన్యువల్ దాని మీదే. స్ప్రైట్ తయారైంది ఈ ఊళ్లోనే. బిగించే ఘట్టం వచ్చేసరికి ఆ పుస్తకాలు చేతులు దులుపుకుంటాయి, నిజమే. కానీ బండిని నిజంగా విప్పి చూసి రాసినవి.

ఎం.జి.బి.ది ఒకటి కొన్నాను. అట్ట ఊడింది, పుటల నిండా గ్రీజు వేలిముద్రలు. బ్యాటరీల దగ్గర ఎవరో పెన్సిల్‌తో బూతు రాశారు. పన్నెండు వోల్టులది ఒకటి చాలదన్నట్టు ఆరు వోల్టులవి రెండు, అవీ సీట్ల వెనక నేల కింద దాచిన మహానుభావుణ్ని ఉద్దేశించి. పబ్బులో పెద్దాయనకు చూపించాను. కళ్లజోడు సవరించుకొని రెండుసార్లు చదివాడు. రాత ఎవరిదో తెలీదు గానీ మాట మాత్రం అక్షరాలా నిజమన్నాడు.